ఇరవై రెండడుగుల శంకుస్థాపన

నేను రాళ్ల మీద పేర్లు చెక్కుతాను. మా జిల్లాలో ఎక్కడ శంకుస్థాపన జరిగినా, ఆ తర్వాత పని జరిగినా జరక్కపోయినా, శిలాఫలకం మాత్రం నా చేతి మీదుగా వెళ్లాల్సిందే. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే వృత్తి కాబట్టి జిల్లా పెద్దలందరినీ నేను అక్షరాల్లో ఎరుగుదును. ఒకాయన పేరులో ఒత్తులు ఎక్కువ. ఒకావిడ పేరులో సున్నాలు ఎక్కువ, రాయి పెచ్చు లేవకుండా చెక్కాలంటే పూటంతా పడుతుంది. మనుషులుగా వాళ్లు ఎలాంటివాళ్లో నాకు తెలియదు. ఆ సంగతి రాయి ఎప్పుడూ అడగలేదు.

మా ఊరు ఊడ్పులపాలెం. ఊరికీ శ్మశానానికీ మధ్య దొంగగెడ్డ అనే వాగుంది. పదహారడుగుల వెడల్పు. ఎండాకాలం చీలమండ తడుస్తుంది, వానాకాలం మనిషే తడిసిపోతాడు. కొండ మీద వాన పడితే కింద మనకు చెప్పాపెట్టకుండా నీళ్లు వచ్చేస్తాయి కాబట్టి దానికా పేరు. మా ఊళ్లో వానాకాలంలో చచ్చిపోవడం అంటే చుట్టాలందరినీ ఇబ్బంది పెట్టడమే.

నూకరత్నం మామ్మకు ఈ విషయం అందరికంటే బాగా తెలుసు. పదేళ్ల కిందట శ్రావణమాసంలో ఆవిడ భర్త సన్యాసినాయుడు కాలం చేశాడు. నలుగురు పాడె మోసుకుని నడుం లోతు నీళ్లలో దిగారు. సగం దాటేసరికి నీళ్లు భుజాల దాకా వచ్చాయి. మోసేవాళ్లు నలుగురూ ఎవరి ప్రాణం వాళ్లు చూసుకుని ఒడ్డెక్కారు. ఐదో ఆయనకు చూసుకోవాల్సిన ప్రాణం లేదు కాబట్టి నీళ్లతోపాటు వెళ్లిపోయాడు. బంతిపూల దండలతో సహా రెండు ఊళ్లు దిగువన లక్కవానిపాలెం రేవులో ఆగాడు. ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి నియమాలు తెలిసిన మనిషి. పంచనామా రాయించి, శవం తాలూకు గుర్తింపు కార్డు తెస్తే తప్ప ఇవ్వనన్నాడు. మామ్మ రేషను కార్డు పట్టుకెళ్లి, అందులో ఫొటోని ఆయన మొహం పక్కన పెట్టి చూపించి, భర్తను విడిపించుకుంది. లక్కవానిపాలెం పొలం గట్ల మీదుగా, పదకొండు కిలోమీటర్ల చుట్టుదారిలో ట్రాక్టరు మీద తెచ్చి అవతల ఒడ్డున పూడ్చారు. గట్ల వాళ్లు ఈ ఒక్కసారికే అని ముందే చెప్పేశారు.

సన్యాసినాయుడు బతికున్న రోజుల్లో ఊరి పొలిమేర దాటి ఎరగడు. అలాంటి మనిషి పోయాక ఊళ్లు తిరిగాడని అందరూ నవ్వుకున్నారు. మామ్మ నవ్వలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు నా కొట్టం దగ్గరికొచ్చి కూర్చుంది. రాళ్ల మీద అక్షరాలు చెక్కేవాడు కాగితం మీద కూడా రాయగలడని ఆవిడ నమ్మకం.

"ఆచారిబాబూ, ఓ అర్జీ రాసిపెట్టు. నాను ఆయన పక్కకే ఎల్తాను. కానీ తడవకుండా ఎల్తాను. గెడ్డ మీద వంతెనొకటి కట్టమను" అంది.

అప్పటికి ఆవిడకు డెబ్భై మూడేళ్లు. ట్రంకుపెట్టెలో కొత్త చీర, పసుపు, గంధం అన్నీ సర్దిపెట్టుకుంది. ప్రయాణానికి తయారు, దారే లేదు.

అలా నేను అర్జీలు రాస్తూ వచ్చాను. ఆవిడ ప్రతి నెలా మొదటి సోమవారం బస్సెక్కి జిల్లా పరిషత్తు కార్యాలయానికి వెళ్లి, గ్రీవెన్సు బల్ల ముందు నిలబడి ఇచ్చి వచ్చేది. మొదటి అర్జీకి మూడు నెలల్లో జవాబొచ్చింది. "అర్జీదారు తన మరణానంతరం ఉత్పన్నం కాగల సమస్యను ప్రస్తావించియున్నారు. ఇంకను ఉత్పన్నం కాని సమస్యపై చర్య తీసుకొనుటకు నియమములు అనుమతించవు. సమస్య ఉత్పన్నమైన పిమ్మట అర్జీదారు స్వయముగా హాజరై దరఖాస్తు చేసుకొనవలెను."

మామ్మకు చదివి వినిపించాను. పోయాక రమ్మంటున్నారా అని అడిగింది. అవునన్నాను. పోయాక రాగలిగితే ముందు ఈ జవాబు రాసినాయన్నే పట్టుకునేదాన్నని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

తొమ్మిదేళ్లు గడిచాయి. వందో అర్జీ పడేసరికి జిల్లా పరిషత్తులో కలకలం రేగింది. పాపం వాళ్లకు మామ్మ మీద జాలి కలగలేదు. జిల్లా మొత్తానికీ అర్జీల పరిష్కార శాతం ఒక్క ఊడ్పులపాలెం వల్లే పడిపోతోందని ఎవరో గీత గీసి చూపించారు. వెంటనే సర్వసభ్య సమావేశంలో చిన్న కల్వర్టు మంజూరు చేశారు. నాలుగు సిమెంటు గొట్టాలు, వాటి మీద కాస్త కాంక్రీటు. వారం రోజుల పని. శంకుస్థాపన అయిన మర్నాడు మొదలు.

శంకుస్థాపన రాయికి నాకు కబురొచ్చింది. మామ్మ కోసం కాబట్టి మంచి నల్లరాయి, రెండడుగులు బై మూడడుగులు, ఏరి తెచ్చాను. నాలుగు పేర్లు. పెద్దాయన, అంటే జిల్లా పరిషత్తు అధ్యక్షుల వారు, పైన, తర్వాత ఎమ్మెల్యే గారు, జడ్పీటీసీ గారు, సర్పంచి గారు. కొబ్బరికాయ కొట్టారు, గుడ్డ తీశారు, లడ్డూలు పంచారు. మామ్మ రెండు లడ్డూలు తీసుకుని ఒకటి కొంగున కట్టుకుంది, అవతల ఒడ్డున ఆయన సమాధి దగ్గర పెట్టడానికి.

మర్నాడు గొట్టాల లారీ వచ్చింది. దాని వెనకే జీపులో ప్రోటోకాల్ విభాగం సూపరింటెండెంటు గున్నేశ్వరరావు గారు వచ్చారు. ఆయన లారీని వెనక్కి పంపారు. జిల్లా పరిషత్తు ఉపాధ్యక్షుల వారి పేరు రాయి మీద లేదట. ఆయన అభ్యంతరం తెలిపారట. "అభ్యంతరమున్న శిలాఫలకం స్థాపించబడనట్లే భావించవలెను. శంకుస్థాపన జరగనట్లు భావించబడిన పనిని మొదలుపెట్టుట నిబంధనలకు విరుద్ధం" అన్నారు గున్నేశ్వరరావు గారు. ఆయన మాట్లాడితే ఎదురుగా కాగితం లేకపోయినా చదువుతున్నట్టే ఉంటుంది.

రెండో రాయి చెక్కాను. ఐదు పేర్లు. ఉపాధ్యక్షుల వారి పేరు సర్పంచి పేరు కింద వచ్చిందని అభ్యంతరం. మూడో రాయిలో సర్పంచి గారి పేరు కిందికి వెళ్లింది, ఆవిడ అభ్యంతరం. నాలుగో రాయి నాటికి సంగతి జిల్లా అంతా పాకింది. వాగు నీళ్లు మా మండలంలోకి కూడా వస్తాయి కదా, మా పేర్లేవి అని పక్క మండలాధ్యక్షులు అడిగారు. ఎంపీటీసీలు అడిగారు. మార్కెట్ యార్డు చైర్మన్ గారు అడిగారు. కో-ఆప్షన్ సభ్యుడొకాయన, తన పేరు ఇంతవరకు ఏ రాయి మీదా పడలేదని, కనీసం శ్మశానం దారిలోనైనా పడాలని కన్నీళ్లు పెట్టుకున్నాడని విన్నాను. ఆ మాట వింటే నాకు నిజంగానే జాలేసింది. ముచ్చటైన పేరు, ఒక్క ఒత్తు లేదు.

పనికిరాని రాళ్లన్నీ నా కొట్టం వెనక చేరాయి. మా ఆవిడ రెండింటిని బోర్లించి బట్టలుతుక్కుంటోంది.

ఈ గొడవకు శాశ్వత పరిష్కారంగా గున్నేశ్వరరావు గారు ఒక సర్క్యులర్ తయారుచేశారు. అంతకంటే న్యాయమైన కాగితాన్ని నేను చూడలేదు. "శిలాఫలకంపై ఏ ప్రజాప్రతినిధి పేరు కిందను మరియొక ప్రజాప్రతినిధి పేరు ఉండరాదు. ఎల్లరి పేర్లును ఒకే వరుసలో, ఒకే ఎత్తున, సమాన కొలతలు గల గడులలో నుండవలెను." మొత్తం ఇరవై రెండు పేర్లు తేలాయి. గడికి అడుగు వెడల్పు. ఇరవై రెండడుగుల రాయి.

నా దగ్గర తొమ్మిదడుగుల పలకలున్నాయి, మూడు ముక్కలు అతికిస్తానన్నాను. ఒప్పుకోలేదు. అతుకు పెడితే అతుక్కి అటువాళ్లు వేరు, ఇటువాళ్లు వేరు అనే అపోహ ప్రజల్లో కలుగుతుందట. ఏకశిల కావాలన్నారు.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. ఒకాయన పేరు రెండే అక్షరాలు. ఇంకొకాయన పేరు ఇంటిపేరుతో కలిపి ఇరవై ఒకటి. సమానమైన గడిలో రెండక్షరాలాయన పేరు బోసిగా కనిపించి చిన్నబుచ్చుకున్నాడు. మిగిలిన జాగాలో ఆయన చదువు, పూర్వం చేసిన పదవులు, పొందిన సన్మానాలు వెయ్యమన్నాడు. ఆయనకు వేస్తే మిగతావాళ్లు ఊరుకోరు కదా. గడులు పొడుగు పెరిగాయి. రాయి ఎత్తు నాలుగడుగులైంది. అంత రాయి లేపేటప్పుడు విరక్కుండా ఉండాలంటే మందం తొమ్మిదంగుళాలు ఉండాలని నేనే చెప్పాను. వృత్తి మీద గౌరవంతో చెప్పాను, ఇంకే దురుద్దేశమూ లేదు.

కొండ క్వారీ నుంచి ఆ బండని తేవడానికి నెల పట్టింది. చెక్కడానికి మూడు నెలలు. నా కొట్టం పట్టక రోడ్డు పక్కన పందిరి వేసుకుని చెక్కాను. మామ్మ రోజూ సాయంత్రం వచ్చి పక్కన కూర్చుని, ఇవాళ ఎన్ని పేర్లయ్యాయని అడిగేది. మళ్లీ ఆషాఢం వచ్చేస్తోంది. ఆవిడకు ఎనభై మూడు నిండాయి. ఆ మధ్య రెండుసార్లు జ్వరం వచ్చింది. జ్వరం వచ్చిన ప్రతిసారీ ఊరంతా కొండ వైపు, మబ్బుల వైపు చూసేవాళ్లు. ఇంకొన్నాళ్లు ఆగు మామ్మా అని పిల్లలు కూడా బతిమాలేవాళ్లు. ఆవిడ ఆగింది.

రాయి తయారైంది. నిలబెట్టడానికి దిమ్మె ఎంత కావాలో లెక్క కట్టమని అసిస్టెంట్ ఇంజనీరు ప్రభుదాసుకు చెప్పారు. ప్రభుదాసు కుర్రవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు, ఇంకా లెక్కల్ని నమ్మే వయసు. అతను రెండు రోజులు కూర్చుని లెక్క కట్టి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఐదు టన్నుల రాయిని గాలికి పడకుండా నిలబెట్టాలంటే కావాల్సిన కాంక్రీటు, కల్వర్టుకు కావాల్సిన కాంక్రీటు కంటే నాలుగు రెట్లట.

గున్నేశ్వరరావు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. అంత పెద్ద దిమ్మె అంటే అది కూడా ప్రజాపనే అన్నారు. ప్రజాపని ఏదైనా శంకుస్థాపన లేకుండా మొదలుపెట్టకూడదు. కాబట్టి దిమ్మెకి శంకుస్థాపన జరగాలి. ఆ శంకుస్థాపనకు శిలాఫలకం కావాలి. దాని మీద ఇరవై రెండు పేర్లు ఉండాలి.

"మరి ఆ రాయికి దిమ్మె సార్?" అని ప్రభుదాసు అడిగాడు.

గున్నేశ్వరరావు గారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. నా మటుకు నేను మనసులో ముని మనవళ్ల దాకా సరిపడా పని లెక్కవేసుకుంటున్నాను. కానీ ఆ రోజు మామ్మ కూడా అక్కడే కూర్చుంది, ఆవిడ మొహం చూసి సిగ్గేసింది.

రెండు వారాలకు పై నుంచి దారి దొరికింది. రాయిని నిలబెట్టనక్కర్లేదు, నేల మీద పడుకోబెట్టవచ్చు. పడుకున్న రాయికి దిమ్మె అక్కర్లేదు. అయితే ఒక షరతు. పడుకున్న రాయి మీద జనం కాలు వేస్తే ప్రజాప్రతినిధుల గౌరవానికి భంగం. కాబట్టి "మానవ సంచారమునకు ఎట్టి అవకాశమును లేని ఇరవై రెండడుగుల స్థలమును" గ్రామ పరిధిలో గుర్తించి అక్కడ స్థాపించాలి.

స్థలం వెతకడానికి గున్నేశ్వరరావు గారు, ప్రభుదాసు, సర్పంచి గారు, నేను ఊరంతా తిరిగాం. మామ్మ కర్ర పట్టుకుని వెనకే వచ్చింది. బడి ఆవరణలో పిల్లలున్నారు. పంచాయతీ ఆఫీసు ముందు పేకాట బృందం ఉంది. చెరకు తోటలో ఎవరు నడుస్తారులే అనుకుంటే, అక్కడ నడిచేవాళ్ల సంఖ్య ఊళ్లో కంటే ఎక్కువని, కారణం తను చెప్పలేనని సర్పంచి గారు అన్నారు. దిబ్బ పక్కన చూస్తే అప్పుడే ఇద్దరు చెంబులతో లేచారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి అందరం అలిసిపోయి గెడ్డ ఒడ్డున కూలబడ్డాం. నీళ్లు అప్పటికే ఎర్రగా తిరిగి, సుడులు పడుతున్నాయి. మనిషి కాలు పెట్టని చోటు ఈ ఊళ్లోనే లేదా అని గున్నేశ్వరరావు గారు దాదాపు మామూలు మనిషిలాగే అన్నారు.

మామ్మ కర్రతో గెడ్డ వైపు చూపించింది.

"అదిగో బాబూ. అక్కడ మనిసన్నోడు నడవలేడు. పదేళ్లుగా ఆ ముక్కే కదా కాయితాల మీద రాయించి మీకిత్తన్నాను."

గున్నేశ్వరరావు గారు సంచీలోంచి మామ్మ అర్జీల కట్ట తీశారు. ప్రతి అర్జీలోనూ నేను రాసిన మొదటి వాక్యం ఒకటే: దొంగగెడ్డ మీద మనిషి నడవడానికి వీల్లేదు. నూట పది అర్జీలు, పదేళ్ల తేదీలు, అన్నిటి మీదా జిల్లా పరిషత్తు ముద్ర. ఇంతకంటే రుజువు ఎక్కడ దొరుకుతుంది? ఆయన మొహం వెలిగిపోయింది. అక్కడే మోకాలి మీద కాగితం పెట్టుకుని రాసుకున్నారు: "అర్జీదారు పలుమార్లు లిఖితపూర్వకముగా ధ్రువీకరించిన ప్రకారము సదరు స్థలమున మానవ సంచారము అసాధ్యము."

ప్రభుదాసు నోరు తెరవబోయాడు. నేను అతని కాలు తొక్కాను. కుర్రవాడు తెలివైనవాడు, వెంటనే లెక్కల్లో పడి, రాయి కదలకుండా రెండు ఒడ్లమీదా మూడేసి అడుగులు ఆనించాలని, ఒడ్డున రాతికట్టు వేయించాలని గంభీరంగా సలహా ఇచ్చాడు. పేర్లున్న వైపు ఆకాశానికి ఉండాలా, నీళ్లకు ఉండాలా అనే ప్రశ్న వచ్చింది. చేపలు ఓటర్లు కారు కాబట్టి ఆకాశానికే అని తేలింది.

క్రేను వచ్చింది. రాయి గెడ్డ మీద పడుకుంది. తొణకలేదు.

శంకుస్థాపనకు ఇరవై రెండు మందీ వచ్చారు. ఒకే వరుస కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ కార్యక్రమం ప్రకారం ప్రతి ఒక్కరూ తమ తమ గడి దగ్గర కొబ్బరికాయ కొట్టాలి. ఒడ్డున నిలబడితే మొదటి మూడు పేర్లే అందుతాయి. నాలుగో ఆయన దగ్గర్నుంచి తన పేరు చేరాలంటే ముందువాళ్ల పేర్ల మీదుగా వెళ్లాలి. అరగంట తర్జనభర్జన జరిగింది. చివరికి చెప్పులు విప్పి, మనసులో క్షమాపణ చెప్పుకుంటూ వెళ్లవచ్చని గున్నేశ్వరరావు గారు వెసులుబాటు ఇచ్చారు. ఇరవై రెండు మంది పెద్దలు, వెనక గొడుగులు పట్టే మనుషులు, ఫొటోగ్రాఫరు, అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని వరుసగా రాయెక్కారు. ఇరవై రెండు కొబ్బరికాయలు టపటపా పగిలాయి. కో-ఆప్షన్ సభ్యుడు తన పేరు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, వేలితో ఒక్కో అక్షరాన్నీ తడిమి, నా వైపు చూసి నమస్కారం పెట్టాడు. గెడ్డ కింద హోరుమంటూ పోతోంది. ప్రభుదాసు ఒడ్డున నిలబడి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. తొంగి చూశాను. "బరువు పరీక్ష: సుమారు రెండున్నర టన్నులు. సంతృప్తికరం."

కార్లన్నీ వెళ్లిపోయాక మామ్మ లేచింది.

కర్ర ఒడ్డునే పెట్టి నా చెయ్యి పట్టుకుంది. మొదటి గడి మీద కాలు పెట్టి ఆగి, ఇది ఎవరిదని అడిగింది. చదివాను. చల్లగా ఉండాలని దీవించి రెండో అడుగు వేసింది. అది ఎవరిదని అడిగింది. అలా ఇరవై రెండు పేర్లూ, చదువులతో, పదవులతో, సన్మానాలతో సహా చదివించుకుంది. ఇరవై రెండు దీవెనలు ఇచ్చింది. ఏ సన్మాన సభలోనూ వాళ్లకు అంత నిజమైన దీవెన దొరికి ఉండదు. అవతల ఒడ్డున సన్యాసినాయుడు సమాధి దగ్గర కాసేపు కూర్చుంది. వానాకాలంలో ఆయన దగ్గరికి ఆవిడ రావడం పదేళ్లలో అదే మొదలు. తిరిగి వచ్చాక, రాయి చివర కూర్చుని రెండు పాదాలూ నాకు చూపించింది. పొడిగా ఉన్నాయి. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, దాచుకోలేదు.

మర్నాటి నుంచి ఊరంతా ఆ రాయి మీదే. గేదెలు, సైకిళ్లు, పాలక్యాన్లు. పదకొండో పేరు ఆయన పెళ్లికి పోతూ కారు ఆపి కళ్లారా చూసి ఫిర్యాదు చేశారు. గున్నేశ్వరరావు గారి జవాబు నేను దాచుకున్నాను. "సదరు స్థలమున మానవ సంచారము అసాధ్యమని ఇదివరకే ధ్రువీకరించబడియున్నది. కావున అచట జనులు నడచుచున్నారను ఫిర్యాదు పరిశీలనార్హము కాదు." దాని కిందే ఇంకో ముక్క కూడా ఉంది. స్థలంలో శిలాఫలకం ఉన్నందున కల్వర్టు కట్టడానికి జాగా లేదట. పని రద్దు.

నెల తిరక్కుండా మామ్మ అర్జీ పరిష్కారమైనట్టు కాగితం వచ్చింది. సంతృప్తి చెందినట్టు వేలిముద్ర వేయాలి. ఏ విషయంలో సంతృప్తో అక్కడ రాయలేదు. ఆవిడ రాయి మధ్యలో కూర్చుని వేలిముద్ర వేసింది. ఇంక ప్రయాణమెప్పుడని నేను పరాచికానికి అడిగితే, దారి పడింది కదా తొందరేముంది, చవితి దాకా చూద్దామంది.

నాకొక ఆలోచన వచ్చింది. రాయి అంచున, ఇరవై రెండో గడి దాటాక, పెచ్చు లేవకుండా నేను అదనంగా ఉంచిన నాలుగంగుళాల జాగా ఉంది. ఉలి, సుత్తి నా సంచీలోనే ఉన్నాయి. ఇంతా చేసింది నువ్వు, నీ పేరు ఇక్కడ చిన్నగా చెక్కుతాను మామ్మా, ఎవరూ అభ్యంతరం పెట్టరు, పెట్టినా జవాబు ఎలా వస్తుందో తెలుసు కదా అన్నాను.

మామ్మ ఆ జాగా వైపు చూసింది. అటు నుంచి వస్తున్న గేదెల వైపు చూసింది. లేచి చీర దులుపుకుంది.

"వొద్దు బాబూ. జనం తొక్కుతారు."